కిటికీ వైపు తిప్పిన కుర్చీ

వీట్‌లీ క్రీక్
జనవరి 11

బెరిల్ గారికి,

మీరు పంపిన క్యాలెండరు అందింది. లైబ్రరీలో మీ పాత మేకుకే తగిలించాను. ఇవాళ ఇక్కడ మైనస్ ముప్పై ఆరు. పొద్దున కారు స్టార్టయ్యేసరికి నా ఓపిక సగం అయిపోయింది. మిగతా సగంతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

లైబ్రరీల రీజియన్ ఆఫీసు నుంచి ఒక ఆర్డరు వచ్చింది. వచ్చి నాలుగు రోజులైనా నేను చూడలేదు. చివరికి వాళ్ళే ఫోన్ చేసి, మేం పంపిన ఈమెయిలు చూశారా అని అడిగారు. చూశానని అబద్ధం చెప్పి, ఫోన్ పెట్టేశాక వెతుక్కున్నాను.

సంగతేమిటంటే, మే నెలలోగా ప్రతి బ్రాంచిలోనూ పనిచేసే మనిషి పదిహేను పనుల పరీక్ష ఒకటి పాసవ్వాలట. ఫోటో జతచేసి ఈమెయిలు పంపడం, ఫోన్లోకి పుస్తకం దించుకోవడం, కాగితం స్కాన్ చెయ్యడం, మరిచిపోయిన పాస్‌వర్డు మార్చుకోవడం, వీడియోలో మాట్లాడడం, ఇలాంటివి. మనకు వస్తే చాలదు, వచ్చినవాళ్ళకు నేర్పగలగాలి. పన్నెండు వస్తే పాసు. రాకపోతే ఆ బ్రాంచిలో మనిషిని తీసేసి, సభ్యత్వ కార్డు గీకితే తెరుచుకునే తలుపు పెడతారట. నాకు యాభై తొమ్మిది. పెన్షనుకు ఇంకా ఆరేళ్ళుంది. ఇరవై ఏడేళ్ళుగా ఈ బల్ల దగ్గర కూర్చున్నదాన్ని, ఒక తలుపుకు చోటిచ్చి లేచిపోవాలంటే మనసొప్పడం లేదు.

నేర్పడానికి ప్రతి బుధవారం ఒకాయన్ని పంపుతున్నారు. ఎవరనుకున్నారు, గిల్బర్ట్ ఫియెట్. రైలు పట్టాల పక్కన ధాన్యం గోదాముకు మేనేజరుగా ఉండేవాడు. గోదాము మూసేశాక అరవయ్యో ఏట ఈ విద్య నేర్చుకున్నాడట. ఒక్కో వేలు క్యారెట్టంత ఉంటుంది, అయినా తప్పు నొక్కడు.

ఎనిమిదేళ్ళ కిందట ఈ శిక్షణల మాట మొదలైనప్పుడే మీరు మోకాలి నొప్పని రిటైరై డన్‌బో వెళ్ళిపోయారు. అప్పుడు మీ మీద జాలిపడ్డాను. ఇప్పుడు ఆ మోకాలిని చూసి అసూయగా ఉంది.

మీ
లేసియా


డన్‌బో
జనవరి 24

లేసియాకు,

పుస్తకం తిరిగివ్వనివాళ్ళకు పంపే నోటీసుల వెనక రాస్తున్నాను, ఏమనుకోకు. రిటైరైన రోజు ఒక పెట్టెడు తెచ్చుకున్నాను. అది దొంగతనమని నీకనిపిస్తే ఆఫీసుకు ఈమెయిలు చెయ్యి. అక్కడ కూడా నీలాంటిది ఒకతి ఉంటే, నాలుగు రోజుల దాకా నాకు భయం లేదు.

గిల్బర్ట్ నాకు గుర్తున్నాడు. ఎలాంటి పుస్తకాలు పట్టుకెళ్ళేవాడో కూడా గుర్తుంది. చెప్పను.

నీకు పోటీగా తలుపును నిలబెట్టారంటే వాళ్ళ అంచనా నాకర్థమైంది. నువ్వు తలుపుకంటే నయమని నేను ఎక్కడైనా సంతకం పెడతాను, కానీ నా సంతకానికి ఇప్పుడు విలువ లేదు. నేర్చుకో, తప్పేముంది. నాలాంటి వాళ్ళం మోకాళ్ళు చూసుకుంటూ టీవీలో మంచు మీద రాళ్ళు జార్చే కర్లింగు ఆట చూస్తుంటాం. మా మేనకోడలు వర్నా శనివారాలు వచ్చి సరుకులు పెట్టి, నా ఫోను తిప్పి చూసి, నిట్టూర్చి వెళ్తుంది. తెలియని నంబరు నేను ఎత్తనని దానికి కోపం.

ఊరికే ఒక సందేహం. ఎవరైనా ఏదో ఒకటి ఆ కంప్యూటర్లలో మన పేరు మీద పెట్టి, తెరవడానికి ఒక కాగితం ఇచ్చారనుకో. మనం చాలాకాలం తెరవలేదనుకో. మన దగ్గర రిజర్వు చేసిన పుస్తకాన్ని పదిరోజులు చూసి మళ్ళీ అరలో పెట్టేసినట్టు, వాళ్ళు కూడా తీసేస్తారా? గిల్బర్ట్‌ని అడుగు. నాకేం పని లేదు, తెలుసుకుందామని.

బెరిల్


వీట్‌లీ క్రీక్
ఫిబ్రవరి 9

బెరిల్ గారికి,

తీసెయ్యరట. మన కోసం అక్కడే కూర్చుని ఉంటుందట. కాగితం గడువు దాటితే కొత్తది అడిగి తీసుకోవచ్చట. ఎవరికని గిల్బర్ట్ అడిగాడు. మీకు కాదని చెప్పాను.

నా చదువు సాగుతోంది. గిల్బర్ట్‌కి ఒక నియమం ఉంది. నేర్పేవాడి చేతులు నేర్పేవాడి జేబుల్లోనే ఉండాలట. నేను ఎంత తప్పు చేసినా, స్క్రీన్ మొత్తం తలకిందులైనా మౌసు ముట్టుకోడు. పోయిన బుధవారం నేను పంపిన ఫోటో నాకే పదకొండుసార్లు వచ్చింది. ఆయన జేబుల్లో చేతులు పిడికిళ్ళు బిగించడం కోటు మీంచి కనిపించింది కానీ, బయటికి తియ్యలేదు. "నేను నొక్కితే నాకు వస్తుంది. నాకు వచ్చిందిగా ఆల్రెడీ, మళ్ళీ ఎందుకు?" అన్నాడు.

ఇంటికెళ్ళి నేర్చుకున్నది నోటుబుక్కులో రాసుకుంటాను. మూడు పేజీలు నిండాయి. చదివితే నాకే అర్థం కావడం లేదు.

అయితే ఒక విషయంలో నేను అప్పుడే అందరికంటే ముందున్నాను. మీకింతవరకూ చెప్పలేదు, పరీక్ష పాసయ్యాక చెప్పి ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. ఆగలేకపోతున్నాను. నాలుగేళ్ళ కిందట ముసలాయన పావ్లిషిన్ ఒకే వారంలో ఏడుసార్లు తన పాస్‌వర్డు మరిచిపోయాడు. ఏడోసారి నేను దాన్ని ఒక పాత సూచిక కార్డు వెనక టైపు చేసి, మన కార్డుల బీరువా డ్రాయరులో దాచాను. పుస్తకాల జాబితా కంప్యూటర్లోకి పోయాక ఆ బీరువా ఖాళీగానే ఉందిగా. ఆయన చూసి మిగతావాళ్ళు వచ్చారు. ఇప్పుడు నూట పన్నెండు కార్డులున్నాయి. ఇంటిపేరు ముందు, కామా, అసలు పేరు, కింద అకౌంటు, దాని కింద పాస్‌వర్డు, మూలన తేదీ. రెండు అకౌంట్లుంటే "ఇది కూడా చూడుము" కార్డు వేరే. పెళ్ళయి ఇంటిపేరు మారినవాళ్ళకు పాత పేరు కింద "చూడుము" కార్డు. అక్షరక్రమంలో, ఇత్తడి కడ్డీ గుచ్చి, మీరు నేర్పినట్టే. ఎవరొచ్చినా పది సెకన్లలో తీసిస్తాను. ఊళ్ళో ఒక్కరికి కూడా పాస్‌వర్డు గుర్తుపెట్టుకునే బాధ లేదు. మీరు చూస్తే మురిసిపోతారు.

మీ
లేసియా


డన్‌బో
ఫిబ్రవరి 20

లేసియా,

నేను మురిసిపోలేదు.

నువ్వు చేరిన అయిదో నెలలో లాయిడ్ కార్మొడీ వచ్చి, తన భార్య ఏ పుస్తకాలు తీసుకెళ్తోందో చెప్పమన్నాడు. మంచిగానే అడిగాడు, టోపీ కూడా తీశాడు. పుట్టినరోజుకు ఏదైనా కొందామని అన్నాడు. నువ్వు డ్రాయరు వైపు చెయ్యి చాపావు. నేను బల్ల కింద నీ కాలు తొక్కాను. అతన్ని బయటికి పంపాక నీకు ఒకే ముక్క చెప్పాను, ఎవరు ఏం చదివారో మనతోనే మట్టిలో కలిసిపోవాలని. ఆవిడ ఏం చదివిందో నాకు తెలుసు. అతనికి కూడా తెలిసి ఉంటే ఆ వసంతంలో ఆవిడ పిల్లల్ని తీసుకుని బస్సెక్కగలిగేది కాదు.

ఆ మాట నువ్వు ఇరవై ఏడేళ్ళుగా పాటించావు. నాకు తెలుసు. ఇప్పుడేమో నూట పన్నెండు ఇళ్ళ తాళంచెవులు పేర్లు రాసి, అక్షరక్రమంలో సర్ది, ఒక డ్రాయరులో పెట్టావు. ఆ డ్రాయరుకు తాళం వెయ్యలేవు. ఆ తాళంచెవి పోగొట్టింది నేనే కాబట్టి నన్ను నమ్ము.

కంప్యూటరంటే నాకు ఓనమాలు రావు. కానీ ఇది కంప్యూటరు సంగతి కాదు.

డ్రాయరు ఖాళీ చెయ్యి.

బెరిల్


వీట్‌లీ క్రీక్
మార్చి 17

బెరిల్ గారికి,

మీ ఉత్తరం చదివి పదిరోజులు కోపంగా ఉన్నాను. నిజం చెప్పాలంటే జవాబు కూడా రాశాను, మోకాలు నొప్పని తప్పుకున్నవాళ్ళు నాకు చెప్పొచ్చారా అని. పంపలేదు. పొయ్యిలో వేశాను.

పదకొండో రోజు ఎవరూ లేనప్పుడు డ్రాయరు లాగి చూశాను. బ్యాంకువి ఉన్నాయి, ఆస్పత్రివి ఉన్నాయి. ఒకామె తన మొగుడికి తెలియకుండా తెరిచిన ఈమెయిలు ఉంది. దానికి నేను "ఇది కూడా చూడుము" అని కార్డు రాసి మొగుడి కార్డు పక్కనే పెట్టాను. నాలుగేళ్ళుగా తుడిచేవాళ్ళూ, హీటరు బాగుచేసేవాళ్ళూ ఆ గదిలో తిరుగుతున్నారు.

బుధవారం గిల్బర్ట్‌కి నేనే చూపించాను. కడ్డీ చివర పట్టుకుని, "పని మాత్రం శుభ్రంగా చేశావు," అన్నాడు. తరవాత, "చూడలేదని అనను. చూశాను. ఆఫీసుకు రాయాల్సిందే. నీ ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో నేను చెప్పలేను. కానీ పరీక్షరోజుకి ఈ డ్రాయరు ఖాళీ అయిందని కూడా రాయాలనుంది నాకు," అన్నాడు.

అందుకని పంచుతున్నాను. ఒక్కొక్కరినీ పిలిచి, కార్డు చేతిలో పెట్టి, పాతది పారేసి కొత్త పాస్‌వర్డు పెట్టుకోవడం నేర్పుతున్నాను. అందరూ సంతోషంగా ఉన్నారనుకోకండి. కాఫీ బల్ల దగ్గర మగవాళ్ళు నన్ను చూసి, లేసియా మనందరికీ విడాకులిస్తోందిరా అంటున్నారు. పావ్లిషిన్ అయితే కార్డు ముట్టుకోలేదు. "ఏం, నేను నీకు బరువయ్యానా?" అన్నాడు. కాదని చెబితే, మరి నీ దగ్గరే ఉండనీ అంటాడు. మూడుసార్లు తిరిగి వెళ్ళిపోయాడు.

నాలుగోసారి కూర్చోబెట్టాను. నా చేతులు స్వెటరు జేబుల్లో పెట్టుకున్నాను. ఆయన రెండక్షరాలు కొట్టి నా మొహం చూసి ఆగాడు. మళ్ళీ రెండు కొట్టి ఆగాడు. ఏమిటంటే చెప్పడు. చివరికి, "నువ్వు చూస్తుంటే ఆవిడ పేరు పెట్టుకోడానికి సిగ్గేస్తోంది," అన్నాడు. ఆవిడెవరో నేనడగలేదు. కుర్చీ ఎత్తి కిటికీ వైపు తిప్పుకుని కూర్చున్నాను. పోస్టాఫీసు ముందు ఆగిన కార్లు లెక్కపెట్టాను. ఇరవై నిమిషాల తర్వాత "అయింది" అన్నాడు. ఆయనకు ఎనభై మూడు. అంత గర్వంగా ఎవరూ "అయింది" అనడం నేను వినలేదు.

అప్పటినుంచి అందరికీ కుర్చీ తిప్పుతున్నాను. డెబ్భై ఒక్క కార్డులు అయ్యాయి. ఇంకొక సంగతి, మూడు పేజీల నోటుబుక్కు ఇప్పుడు నాకు అక్కర్లేదు. డెబ్భై ఒక్కసార్లు చెప్పేసరికి నాకే వచ్చేసింది.

కోపం పోయింది. కాలు తొక్కినందుకు థాంక్స్, రెండుసార్లకీ.

మీ
లేసియా


డన్‌బో
మార్చి 29

లేసియాకు,

నువ్వు పొయ్యిలో వేసిన ఉత్తరంలో రాసింది నిజమే అయ్యుండొచ్చు. దాని గురించి ఇప్పుడు కాదు.

కుర్చీ తిప్పడం బాగుంది. అది నేను నేర్పింది కాదు.

ఇక్కడ మంచు కరిగి బురదైంది. వర్నా నన్ను పెద్దాసుపత్రి ఉన్న ఊరికి దగ్గరగా, తన వీధిలోకి మారమంటోంది. నాకు ఒంట్లో బాగానే ఉందని చెప్పాను. చెప్పడానికేముంది.

మెల్లగా టైపు చేసే మనిషికి మొత్తం ఎంతసేపు పడుతుంది? అంటే అసలు ఈమెయిలే లేని మనిషికి, మొదటినుంచీ. పావ్లిషిన్ లెక్క చెప్పకు, ఆయన ప్రేమ వ్యవహారం వేరు.

బెరిల్


వీట్‌లీ క్రీక్
ఏప్రిల్ 21

బెరిల్ గారికి,

గంట చాలు. మధ్యలో టీ తాగితే గంటన్నర.

డ్రాయరులో ఆఖరి కార్డు వాల్టర్ హ్రిట్సాక్‌ది. ఆయన ఫిబ్రవరిలో పోయాడు. దాన్నేం చెయ్యాలో తోచక అలాగే ఉంచాను. ఈ నెల మొదట్లో ఒక గురువారం ఆయన భార్య స్టెల్లా వచ్చింది. ఆయన కంప్యూటరు తెరవాలి, పాస్‌వర్డు కార్డు నీ దగ్గరుందని అందరికీ తెలుసు, ఇమ్మంది.

ఆయన నాకిచ్చాడు కానీ నీకిమ్మని చెప్పలేదన్నాను. ఎంత మెత్తగా అనగలనో అంత మెత్తగా అన్నాను.

"నలభై ఆరేళ్ళు ఆయన సాక్సులు ఉతికాను లేసియా. నాకు లేని హక్కు నీకుందా?"

"నాక్కూడా లేదు," అని, ఆమె ఎదురుగానే కార్డును నాలుగు ముక్కలు చేశాను.

బయట మంచు పడుతున్నా తలుపు వెయ్యకుండా వెళ్ళిపోయింది. చర్చి కింది గదిలో బంగాళదుంప పెట్టి పెరొగీలు చుట్టే శుక్రవారం, నా బల్ల దగ్గర కూర్చోవాల్సిన ఆరుగురూ వేరే బల్ల దగ్గర ఇరుక్కుని కూర్చున్నారు. నేనొక్కదాన్నే రెండువందలు చుట్టాను. ఏడుపొచ్చింది. పిండి చేతులతో కళ్ళు తుడుచుకోలేక అలాగే చుట్టాను.

తప్పు చేశానా? మీరు చెప్పండి. వాల్టర్ మంచివాడు, దాచుకోవడానికి ఏముంటుంది అని ఒకసారి అనిపిస్తుంది. కార్మొడీ కూడా టోపీ తీసి అడిగాడుగా అని ఇంకోసారి అనిపిస్తుంది.

గిల్బర్ట్‌ని అడిగితే, చనిపోయినవాళ్ళ అకౌంట్ల కోసం కంపెనీలకు ఒక దారి ఉందన్నాడు. మరణ ధ్రువపత్రం స్కాన్ చేసి, దరఖాస్తుకు జతచేసి పంపితే, వాళ్ళు చూసి ఇవ్వాల్సింది ఇస్తారట. అది స్టెల్లాకు కాగితం మీద రాసి పోస్టు చేశాను. వారం తిరిగాక ఆమె వచ్చింది. పలకరింపు లేదు, కుర్చీలో కూర్చుని ధ్రువపత్రం బల్ల మీద పెట్టింది. మొదట కాగితం తిరగేసి పెట్టి తెల్లకాగితం పంపబోయాం. రెండోసారి సగమే వచ్చింది. అయిదోసారికి కుదిరింది. వెళ్తూ కూడా మాట్లాడలేదు కానీ, తలుపు వేసింది.

డ్రాయరు ఖాళీ. పరీక్ష మే పదహారున.

మీ
లేసియా


డన్‌బో
మే 2

లేసియాకు,

తప్పో ఒప్పో నాకు తెలియదు. ఒకప్పుడైతే ఠక్కున చెప్పేదాన్ని. నీ స్థానంలో ఉంటే నేనూ చింపేదాన్ని, ఆ తర్వాత స్టెల్లాకు ఉత్తరం మాత్రం రాసేదాన్ని కాదు. నువ్వు రాశావు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. పరీక్ష అయ్యాక రాయి. నీకో సంగతి చెప్పాలి. అందాకా ఆగుతుంది, ఇంతకాలం ఆగింది.

బెరిల్


వీట్‌లీ క్రీక్
మే 18

బెరిల్ గారికి,

పదిహేనుకు పదమూడు.

పరీక్ష పెట్టడానికి ఆఫీసు నుంచి వినిఫ్రెడ్ స్టాంగ్ అనే ఆవిడ వచ్చింది. నవ్వదు. వీడియోలో మాట్లాడమంటే పావుగంట మాట్లాడాను, అంతసేపూ ఆవిడకు నా నుదురూ పైకప్పూ మాత్రమే కనిపించాయట. అది పోయింది. ఫోన్లోకి దించిన పుస్తకం ఎక్కడికి పోయిందో నాకూ తెలియలేదు, ఆవిడకూ తెలియలేదు. అదీ పోయింది.

పాస్‌వర్డు పనికి ఆవిడే ఊళ్ళో ముసలమ్మగా నటించింది. అమ్మా, నాకు మతిమరుపు, ఇదిగో ఇది నువ్వే ఎక్కడో రాసి దాచిపెట్టు, అంది. గిల్బర్ట్ రాసిన రిపోర్టు చదివే వచ్చిందని నాకు తెలుసు. ఒక పెన్సిలూ ఖాళీ కార్డూ ఆవిడ ముందు పెట్టి, మీ ఇంట్లో మీకు తప్ప ఎవరికీ తెలియని చోట దాచుకోండి అన్నాను. కుర్చీ కిటికీ వైపు తిప్పుకున్నాను. వెనక ఆవిడ ఎంతసేపటికీ అక్షరం కొట్టదే. నేను తిరగలేదు. తరవాత గిల్బర్ట్ చెప్పాడు, నేను తిరిగి చూస్తానేమోనని ఆవిడ కావాలనే ఆరు నిమిషాలు ఊరుకుందట.

డ్రాయరు లాగి చూసింది. లోపల ఇత్తడి కడ్డీ తప్ప ఏమీ లేదు. నా ఫైల్లో ఒక హెచ్చరిక కాగితం పెడతారు. ఉద్యోగం ఉంటుంది. తలుపు రాదు.

స్టెల్లాకు కంపెనీ నుంచి జవాబొచ్చింది. ఆమె ఇక్కడే కూర్చుని తెరిచింది. నేను కిటికీ వైపే ఉన్నాను. మొదట ఏడ్చింది, తర్వాత నవ్వింది, నేను అడగలేదు. వెళ్తూ గుమ్మంలో ఆగి, "కుక్క ఫోటోలే. మూడువందల కుక్క ఫోటోలు. నావి రెండు," అంది. ఈ శుక్రవారం నా బల్ల దగ్గరే కూర్చుంది.

ఇప్పుడు మీ సంగతి చెప్పండి.

మీ
లేసియా


డన్‌బో
మే 25

లేసియాకు,

పదమూడు నేననుకున్నదానికంటే ఎక్కువ. సంతోషంగా ఉంది.

నా మోకాలు బాగానే ఉంది. ఎప్పుడూ బాగానే ఉంది. ఎనిమిదేళ్ళ కిందట ఆఫీసులో మొదటి శిక్షణకు నన్ను పిలిచారు. పన్నెండుమంది మధ్య కూర్చోబెట్టి మౌసును రెండుసార్లు గబగబా నొక్కమన్నారు. నా వేలు మాట వినలేదు. నేర్పే మనిషి విసుగొచ్చి నా చేతి మీద చెయ్యి వేసి తనే నొక్కింది. అందరూ చూశారు. భోజనాల వేళకు కోటు వేసుకుని వచ్చేశాను. ముప్పై ఏళ్ళు ఊరందరికీ దారి చూపించినదాన్ని, ఆ ముక్క ఎవరికీ చెప్పుకోలేకపోయాను. మోకాలన్నాను.

రెండోది. పోయిన అక్టోబరులో రొమ్ములో గడ్డ ఉందని ఆస్పత్రిలో ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం ఉత్తరంలో వస్తుందనుకున్నాను. ఇప్పుడు ఉత్తరాలు లేవట. ఒక కాగితం ఇచ్చి, ఇందులో ఉన్నట్టు చేస్తే కంప్యూటర్లో కనిపిస్తుందన్నారు. దాన్ని పక్షుల పుస్తకంలో గుడ్లగూబల పేజీలో పెట్టాను. పుస్తకాల్లో కాగితాలు పెట్టొద్దని జీవితమంతా జనాన్ని తిట్టినదాన్ని. ఆ తర్వాత ఆ పుస్తకం తెరవలేదు. ఏవో నంబర్ల నుంచి ఫోన్లొచ్చాయి. ఎత్తలేదు. ఎవరో కబురు వదిలారని ఫోన్లో ఏదో మూల ఒక ఎర్రచుక్క వెలుగుతూనే ఉంది, అదెలా వినాలో తెలియదు.

వర్నాని అడిగితే ఒక్క నిమిషం పని. కానీ అది నా భుజం మీంచి నాకంటే ముందు చదివేస్తుంది. మంచిదైనా చెడ్డదైనా, నా ఒంటి సంగతి మొదట నేను చదవాలి. ఇది మూర్ఖత్వమని నాకు తెలుసు. ఏడు నెలలుగా తెలుసు.

నువ్వు స్టెల్లాకే ఇవ్వలేదు. అందుకని నిన్నడుగుతున్నాను. నాకు నేర్పుతావా?

బెరిల్


వీట్‌లీ క్రీక్
మే 29

బెరిల్ గారికి,

మంగళవారం మధ్యాహ్నం రెండింటికి రండి. ఆ పూట లైబ్రరీకి సెలవు, తలుపు నేను తీస్తాను. ఫోను నిండా చార్జి చేసుకోండి, ఎర్రచుక్కను కూడా విందురుగాని. పక్షుల పుస్తకం అలాగే తెండి, కాగితం మీరే తియ్యాలి.

మౌసు రెండుసార్లు నొక్కే పని ఇప్పుడు చాలాచోట్ల లేదు, ఒకసారి చాలు. నా చేతులు జేబుల్లో ఉంటాయి.

నాకు భయంగా ఉంది. ఈ ముక్క రాయకూడదనుకున్నాను. రాసేశాను.

మీ
లేసియా


డన్‌బో
జూన్ 9

లేసియాకు,

రెండు గంటల పది నిమిషాలు. నువ్వు గంటన్నర అన్నావు. టీ చల్లారిపోయింది.

నేను ఒక్కో అక్షరం వెతుక్కుంటుంటే నువ్వు ఒక్కసారి కూడా ఊపిరి విసురుగా వదల్లేదు. తప్పు కొట్టి మొదటికొచ్చినప్పుడు, "ఎక్కడున్నారు, స్క్రీన్ మీద ఏముందో చదవండి," అని మాత్రం అన్నావు. ఆ ఆఖరి పేజీ తెరుచుకుంటుందనగా కుర్చీ లాగిన చప్పుడు విన్నాను. వెనక్కి చూస్తే నీ జడ తప్ప ఏమీ కనిపించలేదు. నేను చదివాను. రెండోసారి చదివాను. ప్రింటు తీసి నాలుగు మడతలు పెట్టాను. ఎర్రచుక్క కూడా విన్నాను. నువ్వు అదంతా కిటికీలోంచి పోస్టాఫీసును చూస్తూ గడిపావు. తర్వాత నాకు సస్కటూన్ పళ్ళు కూరి కాల్చిన ‘పై’ ముక్క పెట్టావు, బురద గురించి మాట్లాడావు. ఏముందని అడగలేదు. దారి పొడుగునా కారు నడుపుతూ నీ మీద కోపం తెచ్చుకోవాలని చూశాను, రాలేదు.

ఎవరు ఏం చదివారో మనం చెప్పకూడదు. చదివినవాళ్ళు చెప్పుకోవచ్చు. స్టెల్లా చెప్పుకుంది.

గడ్డ మంచిది కాదు. నెమ్మదిగా పెరిగే రకమని రాశారు, ఆరు వారాల్లో తప్పకుండా రమ్మని రాశారు. ఫోన్లోని నాలుగు కబుర్లూ అవే, ఒక్కో కబురుకీ ఆ నర్సు గొంతులో తొందర పెరుగుతోంది. ఎనిమిదో నెల నడుస్తోంది. నిన్న నేనే ఫోన్ చేశాను. తిట్లు తిన్నాను, తినాల్సినవే. ఆలస్యం ఎంత చెడుపు చేసిందో చూడందే చెప్పలేమన్నారు. వర్నాకు కూడా నిన్ననే చెప్పాను. ఏడ్చింది, తర్వాత నాకంటే గట్టిగా తిట్టింది.

జూన్ ఇరవై నాలుగు, పొద్దున పదింటికి, సస్కటూన్ ఊళ్ళో పెద్దాసుపత్రి డాక్టరు దగ్గరికి. అపాయింటుమెంటు ఆ పేజీలోనే వచ్చింది, నేనే "సరే" నొక్కాను, ఒక్కసారికే. వర్నా వస్తానంది. వద్దన్నాను. అది ఏడుస్తుంది, నేను దాన్ని ఓదార్చాలి.

నువ్వు కారు నడపాలి. ఫ్లాస్కులో టీ తే, ఈసారి వేడిగా తాగుదాం. డాక్టరు గదిలోకి కూడా రావాలి. రెండో కుర్చీ ఉంటుందా అని అడిగాను, ఉంటుందన్నారు. కిటికీ ఉందో లేదో అడగలేదు. ఉన్నా, ఈసారి ఆ వైపు తిరక్కు.

బెరిల్